ఎదురీత గుంట దగ్గర లోవమ్మ

జనం తిని పారేసిన కోడి ఎముకల్ని పచ్చ తివాచీ మీంచి ఏరుకుంటూ బతకాల్సి వస్తుందని లోవమ్మ కలలో కూడా అనుకోలేదు. చేపల గంప కింద పెరిగిన మనిషి ఆమె. నీచు వాసనంటే ఆమెకి అసహ్యం లేదు. చేప కంపు చేపకి సహజం. కానీ చదువుకున్నవాళ్ళు, కార్లలో దిగినవాళ్ళు, నమిలిన కిళ్ళీని సరిగ్గా బంతి పడాల్సిన గిన్నెలోకే గురిచూసి ఉమ్ముతారే, అది మాత్రం ఆమె భరించలేదు. "కుక్క కూడా తోకతో ఊడ్చుకుని కూర్చుంటదండి. ఈళ్ళకి తోక కూడా ఇయ్యలేదు దేవుడు" అంటూ చీపురు పుల్లతో ఆ గిన్నె గోకుతుంది.

కొవ్వూరుకి దిగువన, గోదారి గట్టునానుకుని కట్టిన రిసార్టు అది. యజమాని జానకిరామ్ గారిది రాజమండ్రిలో తాతల నాటి బట్టల వ్యాపారం. ఏ దేశం వెళ్ళినప్పుడో మినీ గోల్ఫ్ అనే ఆట చూసి ముచ్చటపడ్డాడు. చిన్న బంతిని కర్రతో మెల్లగా తోసి, మిట్టలూ పల్లాలూ దాటించి, అడుగున గిన్నె బిగించిన గుంటలో వెయ్యడమే ఆట. ఎంత తక్కువ దెబ్బల్లో వేస్తే అంత గొప్ప. తన రిసార్టులో అలాంటి గుంటలు పద్దెనిమిది పెట్టించి, ఒక్కోదానికి ఒక్కో పేరు పెట్టాడు. మొదటిది రేవు, అయిదోది లంక, తొమ్మిదోది వంతెన. పదకొండోది ఎదురీత.

రిసార్టు కట్టిన చోటే ఒకప్పుడు లోవమ్మ వాళ్ళ పడవలు ఆగేవి. ప్రహరీ లేచాక పడవలు అరమైలు ఎగువకి వెళ్ళిపోయాయి. మొగుడు పల్లంరాజు ఇప్పటికీ వల వేస్తాడు, కానీ గంపకి సరిపడా చేప పడడం లేదు. ఇరవై ఏళ్ళు కొవ్వూరు వీధుల్లో గంప మోసిన లోవమ్మ మోకాళ్ళు కూడా ఇక మావల్ల కాదన్నాయి. ఊడ్చే మనిషి కావాలని రిసార్టు వాళ్ళు అడిగితే చేరింది. గదులూ వంటిల్లూ వేరేవాళ్ళు ముందే పంచుకున్నారు కనక ఎవరికీ అక్కర్లేని గోల్ఫు ఆమె నెత్తిన పడింది.

చేపలమ్మిన రోజుల్లో లోవమ్మకి రెండు పట్టింపులు ఉండేవి. పొద్దున్నే మొదటి బేరం డబ్బు కళ్ళకద్దుకోకుండా రెండో చేప మీద చెయ్యి వేసేది కాదు. ఎవరైనా "తాజాదేనా?" అని అనుమానపడితే ఒట్లు పెట్టుకునేది కాదు, మొప్ప ఎత్తి చూపించేది. లోపల ఎర్రగా ఉంటే చేప మంచిది, నల్లబడితే కుళ్ళింది, అంతే సంగతి. కుళ్ళిన చేప మొప్పలకి రంగు పూసి అమ్మే మహానుభావులు కొవ్వూరులోనే ఉండేవాళ్ళు. వాళ్ళ పక్కన గంప దించడానికి కూడా ఆమెకి ఒళ్ళు జలదరించేది. అమ్ముడుపోని చేపని ఇంటికి తెచ్చి ఎండబెట్టుకుందే కానీ ఏనాడూ రంగు జోలికి పోలేదు.

ఆమె చేరిన ఏడాదే గోదారి గట్టు దాటి పొంగింది. తొమ్మిది రోజులు ఆటస్థలమంతా నీళ్ళలో నానింది. నీరు తీశాక చూస్తే తివాచీలు ఉబ్బి, అడుగున ఒండ్రు పేరుకుని, పదకొండో గుంట మిట్ట ఒక పక్కకి కుంగిపోయి ఉంది. కట్టిన కాంట్రాక్టరు హైదరాబాదు వాడు. ఫోను ఎత్తడం మానేశాడు. దాంతో ఆ పని లోవమ్మ మీదా, ఊళ్ళో తాపీమేస్త్రి మీదా పడింది. మేస్త్రికి తాపీ పట్టడం వచ్చు కానీ వాలు ఎటుండాలో తెలియదు. లోవమ్మకి గోదారి నీళ్ళు తెలుసు. చెంబుతో నీళ్ళు పోయడం, అవి ఎటు జారుతున్నాయో కూర్చుని చూడడం, ఇక్కడ గీకు, అక్కడ మెత్తు అని చెప్పడం. అలా పన్నెండు రోజులు పట్టింది.

ఎదురీత గుంట సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. బంతి మిట్ట ఎక్కాలి. మిట్ట నెత్తిన జానెడు కూడా లేని పైపు నోరుంది. అందులో పడితే బంతి నేల కిందుగా దిగి, అవతల పల్లంలో పైకొచ్చి తిన్నగా గుంటలోకి పోతుంది. పడకపోతే జర్రున జారి కొట్టినవాడి కాళ్ళ దగ్గరికే వస్తుంది. చుట్టూ తిప్పుకుని పోవచ్చు, కానీ దానికి ఎంత మొనగాడికైనా అయిదారు దెబ్బలు పడతాయి. అందరూ పైపు నోటికే గురిపెడతారు, అందరిదీ జారుతుంది. లోవమ్మకి మాత్రం మొదటి రోజే తెలిసింది. అవతలి రేవుకి వెళ్ళాల్సిన పడవని రేవు వైపు తిప్పితే ఏరు దాన్ని దిగువకి లాక్కుపోతుంది. ఎగువకి పట్టించాలి, మిగతాది ఏరే చూసుకుంటుంది. అలాగే బంతిని మిట్ట ఎడమ భుజం మీదికి కొట్టాలి. వాలు దాన్ని తీసుకొచ్చి నోట్లో వేస్తుంది. అయితే దెబ్బ ఆవగింజంత ఎక్కువైనా, తక్కువైనా కుదరదు.

తివాచీ ఎక్కడ లేచిందో, ఇసక ఎక్కడ తగ్గిందో బంతి దొర్లించి చూస్తేనే తెలుస్తుంది. అందుకని రోజూ పొద్దున్న ఆరింటికి, అతిథులు లేవకముందే, ఆమె పద్దెనిమిది గుంటలూ ఆడేది. మొదటి బంతి గుంటలో పడగానే తీసి కళ్ళకద్దుకునేది. పాత అలవాటు, గంప పోయినా చెయ్యి మరవలేదు. ఒక నెలకి ఇది కెమెరాలో చూసింది మేనేజరు సారిక. పాతికేళ్ళ పిల్ల, మాట పెళుసు.

"స్టాఫ్ ఆడకూడదని రూల్ ఉందమ్మా. గెస్టులు చూస్తే ఏమనుకుంటారు? మీ పని క్లీనింగ్."

"పులుసు నోట్లో ఏసుకోకుండా ఉప్పు సరిపోయిందో లేదో ఎలా సెబుతారండి అమ్మాయిగారూ?"

"ఎదురు చెప్పకండి" అని ఆ రోజు కూలి కోయించింది సారిక.

అప్పట్నుంచి మిగతా గుంటల్లో బంతిని చీపురుతో తోసి సరిపెట్టుకుంది లోవమ్మ. పదకొండోది మాత్రం అలంకారానికి పెట్టిన సిమెంటు పడవ చాటున ఉంటుంది, కెమెరా కంట పడదు. అక్కడ కర్రతోనే ఆడేది. కిందటి కార్తీకంలో ఒక పొద్దున్న, మంచు ఇంకా తివాచీ మీద ఉండగా, ఒక్క దెబ్బకి బంతి ఎడమ భుజం ఎక్కి, వంగి, పైపులో పడి, గడగడమని దిగి గుంటలో పడింది. చూసింది గట్టు మీది కొంగ ఒక్కటే. ఇంటికి పరిగెత్తుకెళ్ళి పల్లంరాజుకి చెబితే, వల బాగుచేసుకుంటూ "అలాగా, కూరేంటి?" అన్నాడు. ఏం చేస్తాం!

ఆ గుంట పక్కన ఒక చెక్క పలక ఉండేది. "ఇంతవరకూ ఇక్కడ ఒక్క దెబ్బకి బంతి వేసినవారు లేరు. వేసినవారి పేరు ఈ కింద" అని రాసి, కింద చోటు వదిలిపెట్టారు. రోజూ దాన్ని తుడిచేటప్పుడు ఆ ఖాళీ తనదేనని లోవమ్మకి తెలుసు. తన పేరు రాయక్కర్లేదు. దొంగ పేరు ఎక్కకుండా ఉంటే ఆమెకి చాలు.

ఇక సత్తిరాజు గారు వేంచేశారు. రొయ్యల చెరువులున్న ఆసామి. షష్టిపూర్తికి రిసార్టంతా మూడు రోజులు మాట్లాడుకుందామని, ముందు చోటు చూడ్డానికి పదిమంది బలగంతో దిగాడు. వచ్చిన రోజే మూడో గుంట దగ్గర కుర్చీలు వేయించుకుని వేపుడు తిని, ఎముకలు తివాచీ మీద, చేతులు తుడుచుకున్న కాగితాలు గుంటలో పారేశారు. ఒకాయన బంతిని కాలితో తన్ని గుంటలో వేసి రెండు దెబ్బలే అన్నాడు. మిగతావాళ్ళు చప్పట్లు కొట్టారు. లోవమ్మ చూస్తూనే ఉంది. ఆటలో కూడా దొంగతనమేంటో, ఎవరి నోరు కొట్టి ఏం కట్టుకుపోతారో ఆమెకి అర్థం కాలేదు.

ఆ రాత్రి వాన పడింది. వాన పడితే గట్టు పీతలు ఎదురీత పైపులో దూరతాయి. పొద్దున్నే లోవమ్మ పైపు కింది నోట్లో, నీళ్ళు కారిపోకుండా, పాత నీలం చీర పేలిక కుక్కి, పైనుంచి ఉప్పునీళ్ళు పోసింది. పీత పైకొచ్చేదాకా ఎవరూ ఆడకుండా అడ్డంగా తాడు కట్టి, నిన్నటి ఎముకలు ఏరడానికి మూడో గుంట దగ్గరికి వెళ్ళింది. పావుగంట కాలేదు, పదకొండో గుంట వైపు నుంచి ఈలలూ కేకలూ వినిపించాయి.

ఆమె వెళ్ళేసరికి తాడు తెగి పక్కన పడి ఉంది. గుంటలో ఎర్ర బంతి ఉంది. సత్తిరాజు గారు రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు. బలగం ఫోన్లు పట్టుకుని గంతులేస్తోంది. "ఫస్ట్ షాట్ అండీ! ఒక్క దెబ్బే!" అని సారిక అప్పటికే ఫోన్లో జానకిరామ్ గారికి చెబుతోంది. ఆయన ఆఫీసు గదిలోంచి ఉరుకుల మీద వచ్చి, సత్తిరాజు గారి చెయ్యి రెండు చేతుల్తో పట్టుకుని ఊపాడు.

లోవమ్మ వంగి పైపు కింది నోటి వైపు చూసింది. పేలిక కొస తను పెట్టినట్టే బయటికి వేలాడుతోంది.

"బాబుగారూ, బంతి ఎటు నుంచి వచ్చిందండి?" అని అడిగింది.

"ఎటేంటి? పైపులోంచి సర్రున వచ్చి పడింది. మా వాళ్ళంతా చూశారు."

"ఆయ్. అయితే మొప్ప ఎత్తి చూద్దామండి" అని, కొంగు నడుంకి దోపి, కింది నోట్లో చెయ్యి పెట్టి లాగింది. మూరెడు నీలం పేలిక ఉప్పునీళ్ళు కారుతూ వచ్చింది. దాన్ని పట్టుకుని అరచేతంత పీత కూడా వచ్చింది. కింద పడి అడ్డంగా పరిగెత్తింది. అందరూ వెనక్కి గెంతారు.

ఇప్పుడైనా సిగ్గుపడతాడని లోవమ్మ అనుకుంది. సిగ్గా! సత్తిరాజు గారు చొక్కా సర్దుకుని, "అదీ సంగతి. గుడ్డ అడ్డం పెట్టి మోసం చేశారన్నమాట. నా బంతి పైపులోకి వెళ్ళడం వెళ్ళింది. గుడ్డ లేకపోతే కిందికి రాక చస్తుందా? అందుకే మావాడు తీసి గుంటలో వేశాడు. లెక్కకి నేను వేసినట్టే కదా జానకిరామ్ గారూ?" అన్నాడు.

"అదీ నిజమేనండి" అన్నాడు జానకిరామ్ గారు.

ఛీ ఛీ! ఆ మాట విన్నాక లోవమ్మకి నోట్లో ఉమ్ము ఊరింది. ఉమ్మడానికి గిన్నె తప్ప చోటు లేదు కనక మింగేసింది. పైగా సారిక ఆమె మీదికే వచ్చింది. "ఎవరడిగి పైపు మూశారు? గెస్టులు ఆడే టైములో ఏంటిదంతా? సార్‌కి సారీ చెప్పండి." లోవమ్మ చెప్పలేదు. పీత వెళ్ళిన వైపు చూస్తూ నిలబడింది.

మధ్యాహ్నానికల్లా రంగులవాణ్ణి పిలిపించి పలక మీద సత్తిరాజు గారి పేరు రాయించారు. దాన్ని ముందుపెట్టి రీలు తీసి పెడితే షష్టిపూర్తి బేరం ఖాయమవుతుందని సారిక ఆలోచన. కానీ బంతి పడే వీడియో లేదు. ఎలా ఉంటుంది, పడితే కదా! పైపు ఇప్పుడు శుభ్రంగా ఉంది కనక మళ్ళీ ఒకసారి వెయ్యమన్నారు సత్తిరాజు గారిని. వేశాడు. జారింది. ముప్ఫై సార్లు కొట్టాడు, ముప్ఫై సార్లూ బంతి ఆయన బూట్ల దగ్గరికే వచ్చింది. చివరికి కర్ర విసిరేసి, ఎండ ఎక్కువగా ఉందంటూ లోపలికి పోయాడు.

అప్పుడు సారిక లోవమ్మని పక్కకి పిలిచింది. గొంతు బాగా తగ్గించింది. "అమ్మా, కెమెరాలో కనపడకపోయినా మీరు రోజూ ఇక్కడ ఆడతారని నాకు తెలుసు. మీరు ఒకసారి కొట్టండి. మీ ముఖం రాదు. బంతి ఒక్కటే తీస్తాను. ముందూ వెనకా సార్ వీడియో కలుపుతాను. ఇంక రేపట్నుంచి మీరు పొద్దున్నే ఆడుకున్నా నేను చూడనట్టే ఉంటాను."

కూలి కోసిన నోటితోనే ఈ మాట! కర్ర ఆమె మొహాన కొట్టి పోవాల్సింది. లోవమ్మ పోలేదు. ఆమె చెయ్యి దురద పెట్టింది. ఇన్నాళ్ళూ కొంగ తప్ప ఎవరూ చూడని దెబ్బ. పేరు ఎవడిదైతేనేం, ఒక్కసారి మనుషులు చూస్తారు కదా అనిపించింది. ఆ బుద్ధి పుట్టినందుకు తనని తాను ఇప్పటికీ తిట్టుకుంటుంది.

మొదటి నాలుగు జారాయి. అయిదోది ఎడమ భుజం ఎక్కి, ఒక్క లిప్త ఆగి, వంగి నోట్లో పడింది. గడగడమంది. గుంటలో టక్కుమంది. లోవమ్మ గబగబా వెళ్ళి వంగి, బంతి తీసి కళ్ళకద్దుకుంది. చెయ్యి తన మాట వినలేదు. ఇరవై ఏళ్ళ అలవాటు మరి. సారిక అప్పటికే "సూపర్!" అని తల వంచుకుని ఫోన్లో ముక్కలు కలిపే పనిలో పడింది. కొసన బంతి తీసే ముక్క కూడా ఉండిపోయిందని ఆ తొందరలో చూసుకోలేదు.

సాయంత్రానికి రీలు ఊరంతా తిరిగింది. సత్తిరాజు గారు కర్ర ఎత్తడం, బంతి మిట్ట ఎక్కడం, గుంటలో పడడం, ఆ తర్వాత డజను పచ్చ మట్టిగాజులున్న నల్లటి చెయ్యి ఒకటి వచ్చి బంతి తీసి పైకి తీసుకుపోవడం. "రాజుగారి గాజులు ఏ కొట్లో కొన్నారండీ?" అని ఒకరు రాశారు. "అరవయ్యో ఏట నోము పట్టారేమో" అని ఇంకొకరు. తెల్లారేసరికి సత్తిరాజు గారు షష్టిపూర్తి వేరేచోట చేసుకుంటానని కబురు పంపాడు.

జానకిరామ్ గారు లోవమ్మని పిలిపించి తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు. తిండి పెట్టిన చేతినే కరిచిందన్నాడు. ఆమె తల వంచుకుని విన్నది. ఆయనకి భయపడి కాదు, తన మీద తనకే రోత పుట్టి. ఆ మధ్యాహ్నం నుంచి ఫోన్లు మొదలయ్యాయి. ఆ గాజులావిడ ఎవరు, ఆవిణ్ణి చూడొచ్చా, ఆదివారం పిల్లల్ని తీసుకొస్తామని. మర్నాడు ఆయన మళ్ళీ పిలిపించాడు. ఈసారి కుర్చీ వేయించాడు.

"కూర్చో లోవమ్మా. అసలు మన స్టాఫే ఇంత బాగా ఆడతారంటే రిసార్టుకి ఎంత పేరు! ఆ పలక మీద నీ పేరే రాయిద్దాం. గంప నెత్తిన పెట్టుకుని ఒక ఫోటో కూడా దిగు."

నిన్న కరిచిన కుక్క ఇవాళ కామధేనువయింది. లోవమ్మ కుర్చీలో కూర్చోలేదు.

"వద్దండి. ఆ దెబ్బ నేను ఆ బాబుగారి పేరున అమ్మేశానండి. అమ్మేసిన చేప మళ్ళీ నా గంపలో ఎలా ఉంటదండి? మొప్పకి రంగు పూసింది ఈ చెయ్యే కదా."

"అదేంటమ్మా, నువ్వే కొట్టావు కదా!"

"అయిదో దెబ్బకండి. ఒక్క దెబ్బకని పలక మీద ఉంది." ఆమె కాస్త ఆగింది. "రాయాలని ఉంటే ఆదివారం పొద్దున్న ఆరింటికి తమరు వచ్చి నా పక్కన నిలబడండి. మొదటి దెబ్బ కొడతాను. పడితే నా పేరు రాయండి, పడకపోతే ఎవరూ లేరని రాయండి. ఇంతేనండి."

"ఓస్, అంతేనా! తప్పకుండా వస్తాను" అన్నాడు జానకిరామ్ గారు. రంగులవాడు సత్తిరాజు గారి పేరు గీకేసి వెళ్ళాడు.

ఆ ఆదివారం ఆయనకి రాజమండ్రిలో పెళ్ళి. తర్వాతి ఆదివారం నిద్ర లేవలేదు. ఆ తర్వాత మర్చిపోయాడు. గాజులావిణ్ణి చూస్తామని వచ్చినవాళ్ళు కూడా పదింటికి లేచి, టిఫిను చేసి, ఆమెతో సెల్ఫీ అడిగి, గుంటలో కాగితాలు పారేసి పోతున్నారు. అడిగినవాళ్ళందరికీ లోవమ్మ ఒక్కటే చెబుతుంది. "పొద్దున్నే ఆరింటికి రండి. మొప్ప ఎత్తి చూపిస్తాను."

పలక మీద గీకిన చోటు ఇంకా తెల్లగానే ఉంది. ఆమె రోజూ దాన్ని తుడిచి, కర్ర పట్టుకుని, ఎవరైనా వస్తారేమోనని తోవ వైపు ఒకసారి చూసి, అప్పుడు కొడుతుంది. ఈ మధ్య రెండు సార్లు ఒక్క దెబ్బకే పడింది. ఆరింటికి ఇంతవరకూ ఎవరూ రాలేదు.